కాలువపాలైన అంచులు

గుంతకల్లు జంక్షనులో బండి మారవలసినవాళ్ళు రెండు రకాలు. సంచీ తలకింద పెట్టుకొని ప్లాట్‌ఫారం మీదే ఒరిగేవాళ్ళు కొందరు. కొత్త ఊరైనా పాత ఊరైనా ఒకసారి చుట్టి వస్తేగాని కాలు నిలవనివాళ్ళు కొందరు. ఈ రెండో రకంవాళ్ళకు బండ్లు తప్పిపోతాయి. దానికి బదులుగా జయరాజు లాంటి మనుషులు దొరుకుతారు.

జయరాజు అంగడి రైల్వే క్వార్టర్ల గోడ వెంట పోతే ఎడమచేతి పక్కన ఉంటుంది. బోర్డు లేదు. గోడకు ఆనించి బోర్లించిన పాత మానిటర్లే బోర్డు. చీటీల కంపెనీలు, శెనక్కాయ మిల్లులు, బోరుబండ్ల ఆఫీసులు, బట్టల అంగళ్ళు కొత్త కంప్యూటర్లు కొన్నప్పుడు పాతవాటిని మెట్ల కిందికి తోస్తాయి. ఆ మెట్ల కింది సామాను జయరాజు కొంటాడు. మూడు చచ్చినవాటిని విప్పి ఒకదానికి ప్రాణం పోసి ట్యూషన్లు చెప్పేవాళ్ళకూ, ఎరువుల అంగళ్ళకూ, పల్లె బడులకూ అమ్ముతాడు. ఎందుకూ పనికిరానివాటిని ఇనుము ఇనుముగా, రాగి రాగిగా వేరుచేసి బెంగళూరు లారీకి వేస్తాడు.

నేను మొదటిసారి చూసినప్పుడు ఒక పెట్టె మూత తీసి, రంగులు వేసే కుంచెతో లోపల ఊడుస్తున్నాడు. ఎర్రటి పొట్టు గాలికి లేచింది.

“ఏం దుమ్మప్పా ఇది?” అని అడిగాను.

“దుమ్ము కాదు సార్, శెనక్కాయ పొట్టు. మిల్లు నుంచి వచ్చిండాది. నిన్న ఒకటి విప్పితే బల్లి సంసారం పెట్టుకోనుండె. ఖాళీ చేయమంటే నా మీదికే వచ్చింది.”

దుమ్ము గురించి ఎవరైనా పెద్ద గ్రంథం రాసి ఉంటే బాగుండునని ఆ పూట అనిపించింది. బోరుబండ్ల ఆఫీసు నుంచి వచ్చిన పెట్టెల్లో తెల్లటి రాతిపిండి. వందల అడుగుల లోతున నీళ్ళు దొరకక పైకి తేలిన పిండి అది. శెట్ల అంగళ్ళ నుంచి వచ్చినవాటిలో కర్పూరం మసి. ప్రతి ఆయుధపూజకూ పెట్టిన పసుపు కుంకుమలు మానిటరు నుదుట ఎండి, గోటితో గీకితే పెచ్చులుగా రాలేవి. నీళ్ళులేని ఈ గడ్డ మీద మనుషులు ఏమేం చేసి బతికారో ఆ పెట్టెల కడుపులో తెలిసిపోయేది.

జయరాజు తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పట్టాలు బిగించి రిటైరయ్యాడు. కొడుకు ఇంటరు దాకా చదివి, ఆఫీసులకు కంప్యూటర్లు సరఫరా చేసే కాంట్రాక్టరు దగ్గర మోతపనికి చేరాడు. కొత్తవి లోపలికి మోసేవాడు, పాతవి బయటికి మోసేవాడు. బయటికి మోసినవాటిని ఎవరూ అడగకపోవడం చూసి తానే అడిగాడు. వ్యాపారం అట్లా మొదలైంది. మనిషి పొట్టి. మాట మెత్తన. చర్చిలో వెనక బెంచీ మీద కూర్చునే రకం. అతని భార్య ఎలిజబెత్ ముందు బెంచీ మనిషి. అంగడి వెనకాలే వాళ్ళ ఇల్లు. వంటింట్లో నుంచే అంగట్లో జరిగే ప్రతి మాటకూ ఆమె జవాబు వస్తూ ఉంటుంది.

తన పాత కంప్యూటరు అమ్ముకునే వర్తకుడికి ఒకే ఒక్క భయం. డిస్కులో ఉన్న లెక్కలు పరాయివాడి చేతిలో పడతాయేమోనని. అందుకని చాలామంది తమ కళ్ళముందే డిస్కును పగలగొట్టమంటారు. జయరాజు సంచిలో సుత్తి ఉండేది. ఆ సుత్తి తీసుకొనే మొదటిసారి ఉరవకొండలో అనిల్ కుమార్ పట్టుచీరల అంగడికి పోయాడు. అనిల్ కుమార్ నడివయసు వర్తకుడు, తొందర మనిషి. అంగడి పేరు అతనిదే అయినా, గల్లాపెట్టె పక్కన పీట మీద కూర్చునే అతని తల్లి రామసుబ్బమ్మ మాటే అక్కడ చెల్లేది. జయరాజు డిస్కు ఊడదీసి గడప మీద పెట్టి సుత్తి ఎత్తగానే ఆమె లేచి నిలబడిందట.

“ఏమప్పా, లక్ష్మిని సుత్తితో కొడ్తావా?”

“లక్ష్మి కాదమ్మా, డిస్కు.”

“లెక్కలు యాడుంటే లక్ష్మి ఆడే. నా పెండ్లప్పుడు పుస్తకాల్లో ఉండె. పాత పుస్తకాలకు పసుపు పూసి కాలువలో ఇడిసేవాళ్ళం. చించింది లేదు, కాల్చింది లేదు, పొట్లాలు కట్టేదానికి ఇచ్చింది లేదు. ఇప్పుడు నా కొడుకు లెక్కలన్నీ దీంట్లోకి మార్చినాడు. మరి ఆయమ్మ కూడా దీంట్లోకే కదా వచ్చింది?”

ఈ మాటకు నవ్వేవాళ్ళు ఉండవచ్చు. కావేరి గట్టున తమిళుల ఆడి నెలలో వరద వచ్చినప్పుడు శిథిలమైన తాటాకు గ్రంథాలను నీళ్ళలో వదిలేవారని చదివాను. అందులో ఎన్ని కావ్యాలు పోయాయో లెక్కలేదు. మసీదుల్లో చిరిగిన పవిత్ర గ్రంథాల పుటలను పాడుబడిన బావిలో దించడం నేనే చూశాను. అక్షరం చచ్చాక దానికీ ఒక మర్యాద జరగాలని మనిషి అనుకుంటాడు. రామసుబ్బమ్మ అనుకున్నది కొత్తదేమీ కాదు. వస్తువే కొత్తది.

జయరాజు సుత్తి సంచిలో వేసుకున్నాడు. రామసుబ్బమ్మ డిస్కుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొత్త గుడ్డలో చుట్టి, పసుపు దారంతో తానే ముడి వేసింది. “నేనేసిన ముడి మనిషి చేత్తో విప్పగూడదు. నీళ్ళు విప్పాల,” అంది. తుంగభద్ర కాలువకు నీళ్ళు వదిలేదాకా ఆ మూట జయరాజు అంగట్లో మేకుకు వేలాడింది. నీళ్ళు రాగానే టీవీఎస్ బండి మీద వంతెన దాకా పోయి వదిలి వచ్చాడు. శుక్రవారం మాత్రం పోలేదు. శుక్రవారం శెట్ల ఇంటి లక్ష్మిని ఎవరూ బయటికి సాగనంపరు.

ఆ సంగతి ఉరవకొండలో పాకింది. బెంగళూరు నుంచి వచ్చే పెద్ద కొనుగోలుదారులు ఎక్కువ దుడ్లు ఇస్తామన్నా శెట్లు జయరాజుకే ఫోను చేసేవారు. మూట కట్టి ఇస్తే మూటగా వదులుతాడు. విప్పడు, చూడడు, తన మిషనుకు తగిలించడు. ఆ పేరే అతని పెట్టుబడి.

“పాస్టరు అడిగితే ఏం చెప్తావు?” అని ఎలిజబెత్ వంటింట్లో నుంచి దెప్పేది. “ఆదివారం ఆరాధన, గురువారం నిమజ్జనం. నీకు రెండు పక్కలా సీటు రిజర్వేషనా?”

“పూజ వాళ్ళది. నేను మోసేటోన్ని.”

“మోసీ మోసీ ఒగనాడు నువ్వు గూడా బొట్టు పెట్టుకోని వస్తావులే.”

ఇంతవరకు జయరాజు జీవితం నాకు నవ్వుతూ చెప్పుకునే కథే. ఇక్కడి నుంచి అతను తల దించుకొని చెప్పాడు.

అనిల్ కుమార్ అంగడి మేడ మీద ఒక డిజైను గది ఉండేది. అందులో నాగలక్ష్మి పనిచేసేది. ఉరవకొండ నేతపని వాళ్ళ అమ్మాయి. పెండ్లి కాలేదు. తండ్రి వెంకటరాముడు పట్టు మగ్గం మీద బతుకంతా గడిపి, చూపు మందగించి దిగినవాడు. చీర అంచులో బొమ్మ రావాలంటే ముందు గళ్ళ కాగితం మీద దాన్ని గీయాలి. ఒక్కో గడి ఒక్కో పోగు. ఆ గళ్ళను బట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు. అట్టలు మగ్గం మీద తిరిగితే బొమ్మ నేతలోకి దిగుతుంది. ఇప్పుడు గళ్ళ కాగితం బదులు కంప్యూటరు. నాగలక్ష్మి పని అది.

అంగడి పని అయిపోయాక, అనిల్ కుమార్ సరేనంటే, తండ్రిని మేడ మీదికి పిలుచుకొచ్చేది. ఆయన పక్కన కూర్చుని పాత అంచులు చెప్పేవాడు. తన తండ్రి నేసినవి, తాత నేసినవి. ఆ చీరలు ఇప్పుడు లేవు. కొన్నవాళ్ళ ఇళ్ళల్లో జరీ కోసం కాల్చేశారు. మిగిలింది వెంకటరాముడి తలలోనే. తేలుకొండి అంచు, రేగిపండ్ల అంచు, ఒక మంచి వానల సంవత్సరం ఎవరో ముచ్చటపడి నేసిన శెనక్కాయ తీగ అంచు. పోగు పైకి, పోగు కిందికి అని ఆయన అంటుంటే ఆమె గడి గడీ నింపేది. వాటిని నేయించమని అనిల్ కుమార్‌ను అడిగితే, “శానా అట్టలు పడతాయి పాపా, కొనేటోళ్ళు యాడుండారు?” అన్నాడు. నేయించకపోయినా ఉండనిచ్చాడు. అందుకు ఆమె కృతజ్ఞతగానే ఉండేది.

వేరేచోట ఇంకో నకలు ఎందుకు పెట్టుకోలేదని అడగవచ్చు. డిజైన్లు పక్క అంగడికి పోతాయనే భయంతో అనిల్ కుమార్ ఆ కంప్యూటరుకు పెన్‌డ్రైవు పెట్టే రంధ్రాలన్నీ ఎంసీల్ ముద్దతో పూడ్పించాడు. నెట్టు తగిలించలేదు. ఫోను కిందే పెట్టి మేడ ఎక్కాలి. పట్టుచీరల అంగళ్ళలో ఇది మామూలు జాగ్రత్త.

వెంకటరాముడు ఎండాకాలం చివర పోయాడు. దినాలు అయ్యేదాకా నాగలక్ష్మి శెట్టి గారి అంగడి గడప తొక్కరాదు. మైల. ఆ రోజుల్లోనే అనిల్ కుమార్ డిజైను గది ఎత్తేశాడు. సూరత్ నుంచి తయారుగా డిజైన్లు ఫోనుకే వస్తున్నాయి, ఇక గది ఎందుకని. నాగలక్ష్మి సంగతి తెలిసి ఫోను చేసింది.

“అన్నా, అందులో నాయన చెప్పిన అంచులుండాయి.”

“యాడికి పోతాయి లేమ్మా. దినాలు కానీ,” అన్నాడు అనిల్ కుమార్. మనిషి చెడ్డవాడు కాదు. మరిచిపోయాడు.

జయరాజు వచ్చి రెండు మిషన్లు దించాడు. ఒకటి లెక్కలది, ఒకటి డిజైన్లది. రామసుబ్బమ్మకు తేడా ఏమి తెలుసు? రెండూ తన అంగట్లోనే ఆయుధపూజ చేయించుకున్నాయి. రెండు డిస్కులకూ పసుపు రాసి ఒకే గుడ్డలో చుట్టి ముడి వేసింది. మూట గుంతకల్లులో మేకుకు ఎక్కింది. కాలువకు నీళ్ళు ఇంకా రాలేదు.

దినాలు కాగానే నాగలక్ష్మి గుంతకల్లుకు వచ్చింది. తల వెంట్రుకలు ముడివేసుకొని, చేతిలో కొత్త పెన్‌డ్రైవు పట్టుకొని అంగడి ముందు నిలబడింది. విషయమంతా చెప్పింది. మూట ఆమె తలకు రెండు మూరల దూరంలో వేలాడుతోంది.

“ఒక గంట ఇయ్యన్నా. ఈడే కూర్చోని నకలు తీసుకుంటా. మళ్ళా నువ్వే కట్టు.”

“ముడి రామసుబ్బమ్మది పాపా. నేను విప్పితే, రేపు నా మాటకు ఉరవకొండలో విలువుండదు.”

“నాయనవి అన్నా.”

“తెలుస్తాంది. నువ్వు పోయి ఆయమ్మ నోటితో ఒక మాట పట్టుకరా. ‘విప్పు జయరాజూ’ అంటే చాలు. నేనే మిషను పెట్టి, కుర్చీ ఏసి, టీ పోసి కూర్చోబెడ్తా.”

వంటింట్లో నుంచి ఎలిజబెత్ వచ్చింది. “ఆ పాప అడిగేది వాళ్ళ నాయన గీతలు. శెట్ల బంగారం కాదు. విప్పి ఇయ్యి,” అంది.

“నీకు తెల్దు, ఊరుకో.”

“నాకు తెల్దు. దారానికి తెలుస్తాది.”

జయరాజు విప్పలేదు. ఇందులో మొండితనం లేదు. అడిగిన ప్రతివాడికీ ముడి విప్పే మనిషికి ఎవరూ మూట ఇవ్వరు. ఆ సంగతి నాగలక్ష్మికి కూడా అర్థమైంది. పెన్‌డ్రైవు సంచిలో వేసుకొని బస్సెక్కింది.

రామసుబ్బమ్మ అప్పుడు ఊళ్ళో లేదు. చిలమత్తూరులో కూతురింటికి పోయింది. “అమ్మ రానీ, అడుగుదాం,” అన్నాడు అనిల్ కుమార్. తల్లికి ఫోను చేసి చెప్పవలసిన పెద్ద విషయంగా అతనికి తోచలేదు. నాగలక్ష్మి ఆగింది. అంతలో కాలువకు నీళ్ళు వదిలారు. ఎగువ వానలు బాగా పడ్డాయి, గట్లు నిండుగా వస్తున్నాయని ఊరంతా చెప్పుకున్నారు. ఈ గడ్డ మీద పారే నీళ్ళను చూడటానికి పని మానుకొని మరీ పోతారు. ఎక్కడి కొండల్లోనో కురిసిన వాన మన ఊరి పక్కగా పోతుంటే బంధువు వచ్చినట్టే ఉంటుంది. రామసుబ్బమ్మ ఆ వారమే తిరిగి వచ్చింది. బస్సు కిటికీలో నుంచి కాలువను చూసింది. ఇల్లు చేరీ చేరగానే జయరాజుకు ఫోను చేసింది.

ఇక్కడ కొంచెం ఆగి ఒక సంగతి చెప్పాలి. శెట్ల అంగళ్ళలో ‘లేదు’ అనే మాట నోట రానివ్వరు. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు. దీపం ఆరితే కొండెక్కిందంటారు. నీలం దారం లేకపోతే “రేపు వస్తాది, పచ్చ చూడండి” అంటారు. ‘వద్దు’ అనడం కూడా అంతే. బేరం మధ్యలో “టీ తాగినావా అప్పా” అని అడిగారంటే బేరం కుదరదని అర్థం. గల్లాపెట్టె ముందు లేమి మాట పలికితే లక్ష్మి వింటుందని వాళ్ళ భయం. అన్నేళ్ళు వాళ్ళ గడపల్లో తిరిగిన జయరాజుకు ఆ భాష బాగా పట్టుబడింది. వాళ్ళ నోటితో ‘వద్దు’ అనిపించేదాకా అడగడం మర్యాద కాదని నేర్చుకున్నాడు. శెట్లు అతన్ని మెచ్చుకునేది అందుకే.

ఫోనులో రామసుబ్బమ్మ అన్నది ఇంతే.

“కాలువకు నీళ్ళొచ్చినాయి కదప్పా జయరాజూ. చూస్తి నేను. మూట ఇంకా నీ అంగట్లోనే ఉండాదా?”

“ఉండాదమ్మా.”

“రేపు శుక్రవారం.”

“అవునమ్మా.”

“ఆలోచన చేసుకో మరి,” అని పెట్టేసింది.

జయరాజు ఫోను జేబులో వేసుకొని, ఆ మాటలకు తనలో తానే అర్థం చెప్పుకున్నాడట. నాగలక్ష్మి పోయి అడిగే ఉంటుంది. ఈ పాటికి అడగకుండా ఎందుకుంటుంది? ఆయమ్మ వద్దనలేక ఇట్లా చెబుతోంది. ‘ఆ పాప వచ్చిందామ్మా’ అని ఒక్క మాట అడిగితే తేలిపోయేది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది. కానీ పెద్దామె చేత, అందులోనూ శుక్రవారం ముందు సాయంత్రం, ‘వద్దు’ అనిపించడం ఎట్లా? మింగేశాడు.

మూట దించుతుంటే ఎలిజబెత్ అడ్డం వచ్చింది.

“ఆ పాప మళ్ళా రాల్యా కదా?”

“రాదు. ఆయమ్మ ఫోను చేసింది.”

“ఏమనింది?”

“నీళ్ళొచ్చినాయనింది.”

“నీళ్ళొచ్చినాయంటే నీళ్ళొచ్చినాయని. నువ్వు దానికి టీకా తాత్పర్యం చెప్తాండావు.”

“నీకు శెట్ల మాట తెల్దు.”

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే వంతెన మీద నిలబడి మూట వదిలాడు. ఎప్పుడూ నీళ్ళలో పడగానే తిరిగి వచ్చేసేవాడు. ఆ రోజు కాసేపు నిలబడ్డాడు. పసుపు గుడ్డ ఒక్కసారి పైకి ఉబ్బి, మునిగింది.

అదే సాయంత్రం ఉరవకొండలో నాగలక్ష్మి రామసుబ్బమ్మ ముందు నిలబడింది. అనిల్ కుమార్ అప్పుడు గాని తల్లికి సంగతి చెప్పలేదు. రామసుబ్బమ్మ అంతా విని, కొడుకును చూసి, “నువ్వు వ్యాపారం చేస్తాండావా, గాడిదలు కాస్తాండావా?” అంది. నాగలక్ష్మితో, “వెంకటరాముడు నేసిన చీరతోనే నా పెండ్లి జరిగింది. రేపు పొద్దున్నే పోదాం,” అంది. ఇప్పుడే ఫోనులో చెప్పేస్తే సరిపోతుంది కదా అన్నాడు అనిల్ కుమార్. “నేనేసిన ముడి విప్పాలంటే నేనే విప్పాల. ఫోన్లో విప్పేదానికి అది మాట కాదు, ముడి. రేపు శుక్రవారం. లక్ష్మిని ఇంట్లోకి తెచ్చుకునేదానికి మంచి దినం.”

మరునాడు పొద్దున ఆటో వచ్చి అంగడి ముందు ఆగింది. పెద్దామె పసుపు కుంకుమల గిన్నె పట్టుకొని దిగింది. వెనక నాగలక్ష్మి. జయరాజు మెట్ల మీద నుంచి లేచాడు. ఇద్దరినీ చూశాడు. గిన్నెను చూశాడు.

“మూట తియ్యప్పా,” అంది రామసుబ్బమ్మ.

అతను ఖాళీ మేకు వైపు చూపించాడు. నాగలక్ష్మికే ముందు అర్థమైంది. గోడకు చెయ్యి ఆనించింది.

“నేను వద్దంటినా?” అని అడిగింది రామసుబ్బమ్మ.

“అనలేదమ్మా.”

“మరి?”

“మీరు అనరు కదమ్మా.”

రామసుబ్బమ్మ స్టూలు మీద కూలబడింది. బయట ఎక్కడా పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి, ఎలిజబెత్‌ను అడిగి చెంబెడు నీళ్ళు తాగింది. చెంబు కింద పెట్టి, “అనింటే బాగుండు. ‘నీళ్ళలో వేసెయ్’ అనో, ‘వెయ్యొద్దు’ అనో, ఏదో ఒకటి నోరు తెరిచి అనింటే బాగుండు,” అంది. ఆమె నోట ‘వద్దు’ అనే మాట, అదీ శుక్రవారం పూట, జయరాజు వినడం అదే మొదలు.

నాగలక్ష్మి తిట్టలేదు, ఏడవలేదు. “ఎంత లోతుంటాది అన్నా?” అని మాత్రం అడిగింది. ముగ్గురూ ఆటోలో వంతెన దాకా పోయారు. నీళ్ళు గట్లను ఒరుసుకొని, మట్టి రంగులో, దబదబా పోతున్నాయి. ఎన్నో ఏళ్ళకు అంత నిండుగా వచ్చిన సంవత్సరం అదే. గట్టు మీద జనం ఆ నీళ్ళను చూసి సంతోషంగా ఉన్నారు. ఎవరో రామసుబ్బమ్మను గుర్తుపట్టి, “ఈసారి మనకు తిరుగులేదు అవ్వా,” అన్నారు. ఆమె తల ఊపింది.

కాలువ మూసేదాకా జయరాజు ఆగాడు. నీళ్ళు ఇంకి, అడుగున బురద గట్టిపడుతుండగా దిగాడు. అయస్కాంతం కట్టిన తాడు వేసి లాగితే ఇనుము సులభంగా దొరుకుతుంది. అయస్కాంతం తగిలితే డిస్కులో ఉన్నది కాస్తా చెరిగిపోతుందేమోనని భయపడి, చేతులతోనే వెతికాడు. మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళతో బురద పిసుకుతూ. గొర్రెలకాపరులు గట్టు మీద నిలబడి, “ఏం పోగొట్టుకుంటివన్నా, ఉంగరమా?” అని అడిగేవాళ్ళు.

అతను ఊహించనిది ఒకటి జరిగింది. ఏళ్ళ తరబడి వదిలినవన్నీ అక్కడే ఉన్నాయి. ఎక్కడికీ కొట్టుకుపోలేదు. వంతెన స్తంభాల దగ్గర సుడి తిరిగే చోట ఒకదానిమీద ఒకటి పడి, ఒండ్రులో కూరుకుపోయి ఉన్నాయి. పారే నీళ్ళు పట్టుకుపోయాయని శెట్లు నమ్మిన లెక్కలన్నీ ఊరి పక్కనే తుప్పు పట్టాయి. గుడ్డలు కుళ్ళిపోయాయి. డిస్కుల మీద అంటించిన పేర్ల చీటీలు ఊడిపోయాయి. ఏది ఎవరిదో చెప్పే గుర్తు ఒక్కటీ మిగల్లేదు.

బుట్టకెత్తి ఇంటికి తెచ్చాడు. ఎలిజబెత్ ఆ పూట దెప్పలేదు. ఒక్కొక్కదాన్నీ మంచినీళ్ళతో కడిగి, మిద్దె మీద నీడలో గుడ్డ పరిచి వడియాల మాదిరి ఆరబెట్టింది. ఎన్నడూ ఎవరి డిస్కూ తగిలించని జయరాజు, అన్నిటినీ ఒక్కొక్కటిగా తన మిషనుకు తగిలించాడు. ఏదీ తిరగలేదు. ఒకటి మాత్రం లోపల టక్ టక్‌మని ఆగింది. ఆశతో దాన్ని పట్టుకొని బెంగళూరుకు పోయాడు. అక్కడ ఇటువంటివి బాగుచేసే అంగడివాడు మూత విప్పి, లోపల తిరిగే పళ్ళెం మీద ఒండ్రు గీతలు చూపించి, మూత బిగించి ఇచ్చేశాడు. అది ఆమెదో కాదో కూడా తెలియలేదు.

తరువాత ఉరవకొండ శెట్లు మూటలు కట్టడం మానలేదు. జయరాజు తీసుకోవడం మానేశాడు. ఏ ఆఫీసుకు పోయినా ముందు, “దీంట్లో మీది కానిది, ఇంకొకరిది ఏమన్నా ఉండాదా? అడిగినారా?” అని అడుగుతాడు. మేనేజర్లు విసుక్కుంటారు. పాత సామాను కొనేవాడికి ఇన్ని ప్రశ్నలెందుకని కొందరు వేరేవాళ్ళకు ఇచ్చేస్తున్నారు. నేను ఈమధ్య పోయినప్పుడు గోడ దగ్గర మానిటర్లు పలచబడ్డాయి.

అంగట్లో ఉన్న మంచి భాగాలన్నీ ఏరి ఒక కంప్యూటరు కట్టాడు. మంచి తెర, మంచి మౌసు. ఉరవకొండకు తానే మోసుకుపోయి నాగలక్ష్మి ఇంట్లో కిటికీ పక్కన పెట్టి వచ్చాడు. ఆమె ఇప్పుడు ఒక ఆన్‌లైన్ సెంటరులో దరఖాస్తులు నింపే పని చేస్తోంది. సాయంత్రాలు కూర్చుని ఆ అంచులను మళ్ళీ గీయడానికి చూస్తోందని తెలిసి, జయరాజు ఒకసారి పోయాడు. నన్నూ రమ్మన్నాడు. నాకు ఎట్లాగూ బండి తప్పింది.

తెర మీద శెనక్కాయ తీగ అంచు ఉంది. ఆకు, కాయ, మళ్ళీ ఆకు. గడి గడీ ముత్యాల మాదిరి నింపింది. తీగ తిన్నగా పోతూ పోతూ ఒకచోట ఆగింది. ఆ తరువాత అన్నీ తెల్ల గళ్ళే.

“ఇంత వచ్చింది కదమ్మా,” అన్నాడు జయరాజు. అతని గొంతులో ఆశ వినపడింది. “మిగతాది కూడా వస్తాదిలే.”

“తిన్నగా పోయేది ఎవరైనా గీస్తారన్నా. ఈడ అంచు మలుపు తిరిగి కొంగులోకి ఎక్కాల. ఆ మలుపులోనే ఉండేది అంతా. తీగ తెగకుండా ఎట్ల తిప్పుతారో నాయనకు తెలుసు.”

“ఆయప్ప చెప్పినాడు కదా నీకు. గుర్తు చేసుకో.”

నాగలక్ష్మి మౌసు మీద నుంచి చెయ్యి తీసి ఒడిలో పెట్టుకుంది.

“చెప్పినాడు. ఆయన చెప్తాంటే నా చెయ్యి గీసింది. నేను యినలేదన్నా. మిషన్లో ఉంటాది కదా, ఎప్పుడన్నా చూసుకోవచ్చులే అనుకుంటి. పోగు పైకి అంటే పైకి, కిందికి అంటే కిందికి నొక్కుతా పోయినా. అప్పుడు మనసులో ఇంటికి పోయి ఏం వండాల అని ఆలోచన చేస్తాంటి.”

జయరాజు కంప్యూటరు వెనక తీగలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసినట్టు వంగి, ఒక ప్లగ్గును నొక్కాడు. అది బాగానే ఉంది. ఆమె టీ పెడతానంది. వద్దనకుండా తాగాము. బస్సు వేళ అయిందని లేచి వచ్చేటప్పుడు వెనక్కి చూస్తే, ఆమె మళ్ళీ కుర్చీలో కూర్చుని, మలుపు దగ్గర ఒక గడి నింపి, కాసేపు చూసి, చెరిపేస్తూ కనిపించింది.